బెంగుళూరులో బాడుగ ఇల్లు – ఏ దిక్కున దిగితే మేలు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి వెళ్లే కుటుంబాలు ముందుగా చూసుకోవలసిన సంగతులు

హిందూపురం: వాన మొగం చాటేసిన ఏడు, వేరుశనగకు పెట్టిన పెట్టుబడి కూడా తిరిగిరాని ఏడు, పట్టు దారం ధర పెరిగి మగ్గం గిట్టుబాటు కాని ఏడు ఈ ప్రాంతంవారి చూపు బెంగుళూరు వైపు తిరుగుతుంది. శ్రీసత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లోనూ, చుట్టుపట్ల పల్లెల్లోనూ ఆ నగరానికి ఒక్కరైనా వెళ్లని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. వెళ్లాలా, వద్దా అన్నది మొదటి ప్రశ్న. దానిపై ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. వెళ్లడం ఖాయమైన తర్వాత వచ్చే రెండో ప్రశ్నను మాత్రం చాలామంది తేలిగ్గా వదిలేస్తున్నారు. నగరంలో ఏ పేటలో ఇల్లు తీసుకోవాలి అన్నదే ఆ ప్రశ్న.

తెలిసినవాళ్లు ఉన్న చోట దిగడం, ఆ పక్కన గది ఖాళీగా ఉంటే అందులో చేరిపోవడం ఆనవాయితీగా వస్తోంది. మొదటి వారం రోజులకు ఇది బాగానే ఉంటుంది. ఆ తర్వాత పని ఒక కొసన, ఇల్లు ఒక కొసన పడిందని తెలిసివస్తుంది. తెల్లవారుజామున బయలుదేరినవాడు పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరుతాడు. పోనీ ఇల్లు మారదామంటే అడ్వాన్సులో కోత పడుతుంది. బడి మధ్యలో పిల్లలకు సీటు దొరకదు. సామాను మోసిన ఆటోకు మళ్లీ బాడుగ ఇచ్చుకోవాలి. పేట ఎంపికలో జరిగే ఒక్క పొరపాటు ఏడాది పొదుపును మింగేస్తుంది.

ఆనాడు పెనుకొండ, ఈనాడు బెంగుళూరు

1537లో బెంగుళూరు కోట కట్టించిన కెంపేగౌడ యలహంక నాడుకు ప్రభువు, విజయనగర రాజులకు సామంతుడు. 1565లో తళ్లికోట యుద్ధం ముగిశాక విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. ఆనాటికి పెనుకొండ రాజధాని, బెంగుళూరు ఒక సామంతుని పేట. నాలుగున్నర శతాబ్దాల్లో దారి తిరగబడింది.

ఆ పేట ఇప్పుడు ఎంత పెరిగిందంటే, 2011 జనాభా లెక్కల ప్రకారమే నగరంలో 84 లక్షలకు పైగా జనం ఉన్నారు. 2007లో యలహంక, దాసరహళ్లి, బ్యాటరాయనపుర, కృష్ణరాజపురం, మహదేవపుర, బొమ్మనహళ్లి, రాజరాజేశ్వరినగర మునిసిపాలిటీలను, కెంగేరి పట్టణాన్ని, 110 గ్రామాలను నగరంలో కలిపారు. 2025 సెప్టెంబరులో ఆ మహానగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. కాబట్టి బెంగుళూరులో పని దొరికిందని ఎవరైనా చెబితే, ఏ బెంగుళూరులో అని అడగవలసిన రోజులివి. ఉత్తరాన రాజానుకుంటె నుంచి దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీకి ఉదయంపూట పోయే సమయంలో హిందూపురం నుంచి గౌరిబిదనూరుకు పోయి తిరిగి రావచ్చు.

వచ్చిన దారే మొదటి గుర్తు

మన ప్రాంతం నుంచి నగరానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి రైలు దారి. 1890 దశకంలో మీటరు గేజిగా మొదలైన ఈ దారి 1980 దశకంలో బ్రాడ్‌గేజిగా మారింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంక మీదుగా బండ్లు యశ్వంతపురానికో, మెజెస్టిక్ దగ్గరి సిటీ స్టేషనుకో చేరుతాయి. రెండోది ఇప్పుడు 44వ నంబరుగా పిలుస్తున్న పాత 7వ నంబరు జాతీయ రహదారి. పెనుకొండ దాటి కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి, యలహంక, హెబ్బాళ మీదుగా బస్సులు మెజెస్టిక్ చేరుతాయి. హిందూపురంవారు లేపాక్షి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఈ రోడ్డెక్కుతారు.

రైలైనా, బస్సైనా మనవారు నగరంలో అడుగుపెట్టేది ఉత్తరపు గుమ్మం నుంచే. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులు, పొలం, గొడ్డూగోదా ఉన్న కుటుంబానికి ఇదే పెద్ద విషయం. పింఛను తీసుకునే పెద్దలను ఊళ్లోనే ఉంచి వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. అర్ధరాత్రి ఊరి నుంచి ఫోను వస్తే తెల్లవారేలోగా చేరుకోగలమా అన్నది వారికి ఇల్లు చూసుకునే ముందే తేలవలసిన సంగతి. యలహంకలో ఉన్నవారికి హిందూపురం బండి ఇంటి ముందు ఆగినట్టే. హోసూరు రోడ్డు పక్కన ఉన్నవారు నగరమంతా దాటితేగాని ఆ బండి ఎక్కలేరు.

యలహంక – ఇంటికి దగ్గరి గుమ్మం

హిందూపురం వైపు నుంచి వచ్చే బండ్లకు నగరంలో తగిలే పెద్ద జంక్షను యలహంక. ఎక్స్‌ప్రెస్ బండ్లలో కొన్ని ఇక్కడ ఆగుతాయి, కొన్ని ఆగవు. ఆ సంగతి ముందే కనుక్కోవాలి. 1984లో ఇక్కడ రైలు చక్రాల కర్మాగారం మొదలైంది. వైమానిక దళ స్థావరం ఉంది. రెండేళ్లకోసారి విమానాల ప్రదర్శన జరిగేది ఇక్కడే. హౌసింగ్ బోర్డు వేసిన న్యూటౌన్‌లో రోడ్లు, పార్కులు పద్ధతిగా ఉన్నాయి. పాత యలహంకలో బాడుగలు కొంత తక్కువ, ఇళ్లు ఇరుకు. మార్కెట్లో తెలుగుతోనే పని జరుగుతుంది.

ఇక్కడ లోటు మెట్రో రైలు లేకపోవడం. విమానాశ్రయం దారిలో మెట్రో పని సాగుతోంది గాని, దాన్ని నమ్ముకుని ఈరోజు ఇల్లు తీసుకోవడం కుదరదు. రాజానుకుంటె నుంచి యలహంక మీదుగా హీళలిగె వరకు సబర్బన్ రైలు దారి వేస్తామని 2022 జూన్‌లో శంకుస్థాపన చేశారు. అదీ ఇంకా పూర్తి కాలేదు. మెట్రో వస్తుంది, సబర్బన్ వస్తుంది అని చెప్పి బాడుగ పెంచే ఇంటివాళ్లుంటారు. రాని రైలుకు ఇప్పటి నుంచే టిక్కెట్టు కొన్నట్టవుతుంది.

పల్లపు వీధుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2021 నవంబరులో, మళ్లీ 2024 అక్టోబరులో యలహంక చెరువు పొంగి దిగువనున్న అపార్టుమెంట్లలోకి నీళ్లు చేరాయి. జనాన్ని పడవల్లో బయటకు తేవలసి వచ్చింది. ఇల్లు చూడబోయే రోజున చెరువు ఎటుంది, కాలువ ఎటు పోతోంది అని విచారించడం పల్లెటూరివారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. నగరంలో అడుగుపెట్టగానే ఆ విద్యను మరిచిపోకుండా ఉంటే చాలు.

యశ్వంతపురం, పీణ్య – ఫ్యాక్టరీ పనివారికి

గార్మెంటు ఫ్యాక్టరీల్లో, లేతు మిషన్ల మీద, గోదాముల్లో పనికి పోయేవారికి పీణ్య పారిశ్రామికవాడ పెద్ద ఆధారం. దక్షిణాసియాలోని పెద్ద పారిశ్రామికవాడల్లో ఒకటిగా దీనికి పేరు. దాసరహళ్లి, జాలహళ్లి, గొరగుంటెపాళ్య, లగ్గెరె ప్రాంతాల్లో ఒంటి గది, రెండు గదుల ఇళ్లు బాడుగకు దొరుకుతాయి. యశ్వంతపురంలో పెద్ద రైల్వే స్టేషను, వ్యవసాయ మార్కెట్ యార్డు ఉన్నాయి. హమాలీ పని, లారీ పని, అంగడి పని చేసేవారు ఆ చుట్టుపక్కలే ఉండడం మేలు.

మెట్రో ఆకుపచ్చ మార్గం ఈ ప్రాంతానికి దొరికిన వరం. 2024 నవంబరు నుంచి ఇది మాదావర దాకా నడుస్తోంది. పీణ్యలో ఎక్కితే యశ్వంతపురం, మెజెస్టిక్, చిక్కపేట, కృష్ణరాజ మార్కెట్ మీదుగా దక్షిణాన సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వరకు బండి మారకుండా పోవచ్చు. ధర్మవరం నుంచి పట్టుచీరలు తెచ్చి చిక్కపేట అంగళ్లకు వేసేవారికి ఈ మార్గం ఎంతో అనువైనది. చిక్కపేటలో మూటతో సహా ఉండేందుకు ఇల్లు దొరకడం కష్టం, దొరికినా బాడుగ భరించలేరు. యశ్వంతపురం వైపు ఉండి మెట్రోలో వెళ్లి రావడమే లాభం. అయితే 2025 ఫిబ్రవరిలో మెట్రో చార్జీలు బాగా పెరిగాయి. దూర ప్రయాణానికి గరిష్ఠంగా 90 రూపాయలు అయ్యాయి. రోజూ రెండు పూటలా ఎక్కేవారు ఈ ఖర్చును కూడా బాడుగలో కలిపి లెక్క చూసుకోవాలి.

హెబ్బాళ, దేవనహళ్లి – విమానాశ్రయం దారి

2008 మే నెలలో దేవనహళ్లి దగ్గర కొత్త విమానాశ్రయం తెరిచిన తర్వాత ఉత్తరపు దిక్కు ముఖం మారిపోయింది. డ్రైవర్లు, కాపలాదారులు, హోటలు పనివారు, సామాను ఎత్తేవారు, బేల్దారి మేస్త్రీలు వందలాదిగా ఈ దారి పట్టారు. నాగవారలోని మాన్యత టెక్ పార్కులో కంప్యూటరు ఉద్యోగాలు చేసే ఈ ప్రాంతపు యువకులు హెబ్బాళ, కొడిగేహళ్లి, థణిసంద్ర వైపు ఇళ్లు తీసుకుంటున్నారు. బస్సులో సొంత ఊరికి బయలుదేరేవారికి హెబ్బాళలోనే ఎక్కే వీలుంది. మెజెస్టిక్ దాకా లోపలికి పోయి, మళ్లీ అదే దారిన వెనక్కి రావలసిన శ్రమ తప్పుతుంది.

హెబ్బాళ వంతెన దగ్గర వాహనాల రద్దీ పేరుమోసినది. వంతెనకు ఈ పక్క పని, ఆ పక్క ఇల్లు పెట్టుకున్నవారికి రోజూ పరీక్షే. ఇల్లు, పని రెండూ వంతెనకు ఒకే వైపు ఉండేట్టు చూసుకోవడం తెలివైన పని. దేవనహళ్లి పట్టణంలో ఇళ్లు కొంత విశాలం. విమానాశ్రయంలో పనిచేసేవారికి అనువు. నగరం నడిబొడ్డున పని ఉన్నవారికి మాత్రం అది మరో ఊరే.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ

బి.టెక్. చదివిన పిల్లల తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించే పేర్లు ఇవి. మారతహళ్లిలో తెలుగు హోటళ్లు, తెలుగు పిల్లలుండే పి.జి. హాస్టళ్లు వీధివీధినా ఉన్నాయి. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో పి.జి.లో ఉండడం మంచిదే. అడ్వాన్సు భారం తక్కువ, ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి మారిపోవచ్చు. 2023 అక్టోబరు నుంచి మెట్రో ఊదా మార్గం వైట్‌ఫీల్డ్ వరకు, 2025 ఆగస్టు నుంచి పసుపు మార్గం ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర వరకు నడుస్తున్నాయి. ఇదివరకటి కన్నా ప్రయాణం సులువైంది. మారతహళ్లి మాత్రం ఇంకా రోడ్డు మీదనే ఆధారపడి ఉంది.

2022 సెప్టెంబరు వానలకు బెళ్లందూరు, అవుటర్ రింగ్ రోడ్డు ప్రాంతాలు నీట మునిగిన సంగతి దేశమంతా చూసింది. కోట్లు పెట్టి కొన్న ఇళ్లలోకీ నీళ్లు వచ్చాయి. పెద్ద బాడుగ ఇచ్చినంత మాత్రాన కాళ్లు తడవవని హామీ లేదు.

ధర్మవరం, హిందూపురం నుంచి వైద్యానికి వెళ్లేవారికి ఇదే తూర్పు, దక్షిణ దిక్కులు అవసరమవుతాయి. నరాల జబ్బులకు నిమ్హాన్స్, క్యాన్సరుకు కిద్వాయ్, గుండెకు జయదేవ ఆసుపత్రులు దక్షిణపు వైపున ఉన్నాయి. 2001లో ప్రారంభమైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి వైట్‌ఫీల్డ్‌లో ఉంది. నెలల తరబడి చికిత్స సాగే రోగి ఉన్న కుటుంబం పనికన్నా ముందు ఆసుపత్రి దూరం చూసుకోవాలి.

నగరం దాకా పోకుండా ఆగితే?

చాలామంది ఆలోచించని మార్గం ఒకటుంది. అది నగరానికి ముందే ఆగిపోవడం. బెంగుళూరుకు సుమారు 40 కిలోమీటర్ల ఇవతల ఉన్న దొడ్డబళ్లాపురం పవర్‌లూములకు పేరుపడ్డ ఊరు. అక్కడ పారిశ్రామికవాడ, గార్మెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ధర్మవరంలో మగ్గం నేర్చినవాడు నగరంలో వాచ్‌మన్ పనికి చేరితే చేతిలోని విద్య వృథా అవుతుంది. దొడ్డబళ్లాపురంలో ఆ విద్యకు కొంతైనా విలువ ఉంటుంది. చేతిమగ్గానికి, పవర్‌లూముకు తేడా ఉన్నా పోగు తెలిసినవానికి పని పట్టుబడడానికి ఎంతో కాలం పట్టదు. బాడుగ తక్కువ, ఊరికి దూరమూ తక్కువ. గౌరిబిదనూరు మరీ దగ్గర. హిందూపురం నుంచి రోజూ పోయి రావచ్చు.

అసలు జిల్లా దాటవలసిన అవసరమే లేని సందర్భాలూ ఉన్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దానికి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలు చుట్టూ వెలిశాయి. హిందూపురం పక్కన తూమకుంట పారిశ్రామికవాడ ఉంది. నగరంలో వచ్చే జీతం ఎక్కువగా కనిపించవచ్చు. అందులో బాడుగ, నీళ్లు, బస్సు చార్జీలు తీసివేస్తే మిగిలేదెంత, ఇంట్లో ఉండి ఇక్కడి జీతంలో మిగిలేదెంత అని కాగితం మీద వేసి చూసుకున్నవారు కొందరు ప్రయాణం మానుకున్నా ఆశ్చర్యం లేదు.

రోజూ తిరగడం సాధ్యమేనా?

హిందూపురం నుంచి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. రైల్వేవారు సీజన్ పాసును సాధారణంగా 150 కిలోమీటర్ల వరకే ఇస్తారు. హిందూపురం ఆ హద్దు లోపల ఉంది, ధర్మవరం హద్దు దాటిపోతుంది. యలహంక, యశ్వంతపురం దగ్గర పని ఉన్న ఒంటరి మగవాడు హిందూపురం నుంచి రోజూ తిరగడం కష్టమైనా అసాధ్యం కాదు. బాడుగ మిగులుతుంది, సంగటి ఇంట్లోనే తినవచ్చు. బండి దిగాక ఇంకో రెండు బస్సులు ఎక్కవలసి ఉంటే మాత్రం ఆ ఆలోచన మానుకోవడమే ఆరోగ్యానికి మంచిది. వారంలో ఐదారు రోజులు నలుగురు కలిసి అక్కడ ఒక గదిలో ఉండి, శని, ఆదివారాలు ఇంటికి రావడం మధ్యేమార్గం.

ఆడవారి బస్సు చార్జీల విషయంలో ఒక మెలిక ఉంది. కర్ణాటకలో 2023 జూన్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం అమలవుతోంది. కర్ణాటకలో అది ఆ రాష్ట్ర చిరునామా ఉన్నవారికే వర్తిస్తుంది. మన రాష్ట్రపు ఉచితం రాష్ట్రం దాటి పోయే బస్సులకు లేదు. కాబట్టి మన ఆధార్ కార్డుతో నగరంలో గార్మెంటు పనికి పోయే మహిళకు రోజూ టిక్కెట్టు తప్పదు. ఫ్యాక్టరీకి నడిచిపోయేంత దూరంలో ఇల్లు దొరికితే ఆమెకు డబ్బూ, పొద్దూ రెండూ మిగులుతాయి.

కుళాయి చూసి ఇల్లు చూడాలి

నీళ్ల కష్టం గురించి హిందూపురంవారికి చెప్పడం అంటే కమ్మరివీధిలో సూదులు అమ్మడమే. ఆ కష్టం నుంచి తప్పించుకుందామని పోయి నగరంలోనూ ట్యాంకరు కోసం కాచుకుంటే ఇక ఫలమేముంది? బెంగుళూరుకు కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అరకిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తారు. 1974లో మొదలైన ఈ పథకం పాత పేటలకు ముందుగా అందింది. 2007లో కలిపిన 110 గ్రామాలకు నీరిచ్చే ఐదో దశ 2024 అక్టోబరులోగాని ప్రారంభం కాలేదు. ఆ ఏడాది ఎండాకాలంలో వేలాది బోర్లు ఎండిపోయి నగరం అల్లాడింది.

అందువల్ల ఇల్లు చూడబోయినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగాలి. కావేరి కుళాయి ఉందా, లేక బోరేనా? నీళ్లు వారానికి ఎన్ని రోజులు వస్తాయి? సంపు ఎంత పెద్దది, ఎన్ని కాపురాలకు? ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిది? ఇంటివాడి నోటిమాట కన్నా పక్కింటి ఆడవారి మాట నమ్మదగినది. ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు చూసినవారికి నిజం తెలుస్తుంది. కార్తీకంలో చూసినవారికి అన్ని ఇళ్లలోనూ నీళ్లుంటాయి.

అడ్వాన్సు, భోగ్యం

బెంగుళూరులో పది నెలల బాడుగను అడ్వాన్సుగా తీసుకోవడం పాత ఆనవాయితీ. కొన్నిచోట్ల బేరమాడితే ఐదారు నెలలకు దిగివస్తున్నారు. ఉదాహరణకు నెలకు 8,000 రూపాయల బాడుగ అనుకుంటే పది నెలల లెక్కన 80,000 రూపాయలు ముందే కట్టాలి. ఊళ్లో ఆ మొత్తాన్ని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవారికి నెలకు 1,600 రూపాయలు వడ్డీయే అవుతుంది. అంటే ఆ ఇంటి అసలు బాడుగ 8,000 కాదు, 9,600. ఖాళీ చేసేటప్పుడు సున్నం, పెయింటు పేరుతో ఒక నెల బాడుగ పట్టుకోవడం కూడా వాడుకలో ఉంది. ఇవన్నీ కరారు పత్రంలో రాయించుకోవాలి. సాధారణంగా 11 నెలలకు కరారు రాస్తారు. అడ్వాన్సు మొత్తం, తిరిగి ఇచ్చే గడువు, పెయింటు కోత, కరెంటు మీటరు వేరుగా ఉందా లేదా అన్న నాలుగు సంగతులు అందులో ఉండాలి. అడ్వాన్సు బ్యాంకు ద్వారా చెల్లిస్తే సాక్ష్యం మిగులుతుంది.

రెండోది భోగ్యం. కొన్ని లక్షలు ఒకేసారి ఇచ్చి రెండు మూడేళ్లు బాడుగ లేకుండా ఉండి, గడువు తీరాక ఆ సొమ్ము వెనక్కి తీసుకోవడం దీని పద్ధతి. పొలాన్ని భోగ్యానికి ఇచ్చిపుచ్చుకునే మనవారికి ఇది కొత్తగా తోచదు. పొలం కదలదు, దున్నుకుంటూ ఉండవచ్చు. ఇక్కడ మాత్రం ఇల్లు బ్యాంకు అప్పులో ఉంటే, ఇంటివాడు వాయిదాలు కట్టకపోతే, భోగ్యదారు సొమ్ము చిక్కులో పడుతుంది. ఇల్లు రాసిచ్చేవాడే యజమానా, ఆస్తి మీద అప్పు ఉందా అని ఇ.సి. తీయించి చూడనిదే పొలం అమ్మిన సొమ్మును భోగ్యంలో పెట్టరాదు. పత్రాన్ని రిజిస్టరు చేయించుకోవడం మరింత క్షేమం.

సైటు కొనే తొందర వద్దు

నాలుగేళ్లు ఉండగానే సొంత సైటు మీద ఆశ పుడుతుంది. వ్యవసాయ భూమిని అనుమతి లేకుండా ముక్కలు చేసి అమ్మే రెవెన్యూ సైట్లు నగరం అంచుల్లో చాలా ఉన్నాయి. ధర తక్కువ కనిపిస్తుంది. బ్యాంకు అప్పు పుట్టదు, ఇంటి ప్లానుకు అనుమతి రాదు. అన్ని అనుమతులున్న ఆస్తికి ఎ ఖాతా, లోపాలున్నదానికి బి ఖాతా అని వాడుక. 2024 అక్టోబరు నుంచి నగరంలో రిజిస్ట్రేషనుకు ఇ-ఖాతా తప్పనిసరి చేశారు. ఈ కాగితాలు చూపించలేని సైటు ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే. ఊళ్లో ఎకరం అమ్మి అక్కడ కాగితం లేని ముప్పై నలభై అడుగుల ముక్క కొంటే రెండింటికీ చెడే ప్రమాదం ఉంది.

పిల్లల చదువు, రేషను

కర్ణాటక బడుల్లో కన్నడం తప్పనిసరిగా నేర్పాలని 2015లో చట్టం వచ్చింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆరు నెలల్లో అందుకుంటారు. లిపి మనదానికి దగ్గర, పైగా హిందూపురం, మడకశిర వైపు చాలా ఇళ్లలో కన్నడం వినబడుతూనే ఉంటుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లల సంగతి వేరు. తెలుగు మాధ్యమంలో చదువుతున్న పిల్లవాణ్ణి పదో తరగతికి ముందు అక్కడికి మార్చితే పరీక్షలో దెబ్బ తింటాడు. ఆ ఒకటి రెండేళ్లు పిల్లవాణ్ణి అవ్వతాతల దగ్గరో, హాస్టలులోనో ఉంచి చదివించడం మేలు. బడి నడిచిపోయే దూరంలో ఉందా, దారిలో పెద్ద రోడ్డు దాటాలా అన్నది కూడా పేట ఎంపికలో భాగమే.

రేషను కోసం ప్రతి నెలా ఊరికి రావలసిన పని లేదు. ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు పథకంలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ 2020 నుంచి ఉన్నాయి. కేంద్రం ఇచ్చే ఆహార భద్రత కార్డున్నవారు అక్కడి చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఇల్లు తీసుకున్న వారంలోనే దగ్గరి దుకాణాన్ని కనుక్కోవడం మంచిది. ఫ్యాక్టరీలో చేరేవారు పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. నంబర్లు అడిగి రాసిపెట్టుకోవాలి. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఎంత దూరమో కూడా చూసుకోవాలి.

ముందు ఒకరు, తర్వాత అందరూ

ఇంతకూ ఏ పేట మంచిది? అందరికీ ఒకే జవాబు లేదు. ఫ్యాక్టరీ పనివారికి పీణ్య, దాసరహళ్లి. ఊరితో రాకపోకలు ఎక్కువగా ఉన్నవారికి యలహంక. విమానాశ్రయం, మాన్యత ఉద్యోగాలకు హెబ్బాళ దిక్కు. కంప్యూటరు ఉద్యోగం తూర్పునో, దక్షిణానో దొరికితే అక్కడే. మగ్గం విద్య ఉన్నవారికి దొడ్డబళ్లాపురం. పని ఇంకా దొరకనివారికి అసలు ఇల్లే వద్దు, ముందు ఒక గదో, పి.జి.యో చాలు.

కుటుంబమంతా ఒకేసారి మూటాముల్లె కట్టుకుని బయలుదేరడం కన్నా, ముందు ఒకరు వెళ్లి మూడు నెలలు పనిచేసి చూడడం క్షేమం. జీతం సరిగా చేతికి వస్తోందా, పని నిలుస్తుందా అన్నది ఆలోగా తేలిపోతుంది. ఉదయం ఎనిమిది గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు ఇంటి నుంచి పని దగ్గరికి ఒకసారి ప్రయాణం చేసి చూసిన తర్వాతే అడ్వాన్సు చెల్లించాలి. ఆదివారం నాడు చూసిన రోడ్డు సోమవారం నాడు కనిపించదు.

వలస వెళ్లేవారికి ప్రభుత్వాలు చేయవలసిన పనులూ ఉన్నాయి. ఉదయం ఫ్యాక్టరీ వేళలకు అందేట్టు హిందూపురం నుంచి, సాయంత్రం తిరిగి వచ్చేట్టు యశ్వంతపురం నుంచి మరిన్ని ప్యాసింజరు బండ్లు నడిపితే, దూరప్రాంతపు బండ్లన్నిటినీ యలహంకలో ఆపితే, వందలాది కుటుంబాలు ఇల్లు వదలకుండానే పని చేసుకోగలుగుతాయి. బాడుగ కరారు, రేషను, ఇ.ఎస్.ఐ. వంటి విషయాలు చెప్పే ఒక సహాయ కేంద్రాన్ని హిందూపురం, ధర్మవరం స్టేషన్లలో పెట్టినా ఎంతో మేలు. అంతవరకు అడ్వాన్సు ఇచ్చే ముందు నీళ్లు, దారి, కాగితం మూడూ చూసుకోవలసిన బాధ్యత వెళ్లే కుటుంబానిదే.